పీహెచ్‌డీలో చేరబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. అందులో మూడు పేజీలు ఏ అంశం మీద పరిశోధన చేయాలన్నదానికే పోయాయి. ఎవరి దగ్గర చేయాలన్న సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టావు. చరిత్ర శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, కొందరి చేత థీసిస్‌లు రాయించి, బయటి విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఎన్నో పరీక్షించినదాన్ని కనుక చెబుతున్నాను, ఆ మూడు పేజీలూ గైడ్ గురించి ఉండవలసింది. అంశాన్ని మొదటి ఏడాదిలో మార్చుకోవచ్చు, కుదించుకోవచ్చు. గైడ్‌ను మార్చుకోవడం మాత్రం శాఖలో అందరి నోళ్లలో నానే వ్యవహారం అవుతుంది.

ముందుగా, సీనియర్లు చెప్పే మాటల మీద ఆధారపడవద్దు. ఇప్పుడు అమలులో ఉన్నవి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబరులో గెజిట్‌లో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు. అంతకు ముందున్న 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు ఒక పరిశోధన పత్రం ప్రచురించాలి, రెండు సదస్సులలో పత్రాలు చదవాలి. 2022లో ఆ షరతు తీసేశారు, పీహెచ్‌డీకి ముందు చేసే ఎం.ఫిల్. డిగ్రీకి కూడా స్వస్తి చెప్పారు. అయినా ఇప్పటికీ క్యాంటీన్‌లో పాత నిబంధనలే వేదంలా వినిపిస్తాయి. పైగా ఒక్కో విశ్వవిద్యాలయం తన సొంత షరతులు కొన్ని కలుపుకుంటుంది. కాబట్టి యూజీసీ గెజిట్ ప్రతిని, నువ్వు చేరదలచిన విశ్వవిద్యాలయం వారి పీహెచ్‌డీ నియమావళిని రెండింటినీ ముద్రించుకుని, పెన్సిలు పట్టుకుని చదువు.

అర్హత విషయంలో నీకు ఇబ్బంది లేదు. ఎం.ఏ.లో 55 శాతం మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ, సంపన్న శ్రేణికి చెందని ఓబీసీ, వికలాంగ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) అభ్యర్థులకు అందులో 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు ఎం.ఏ. లేకుండానే నేరుగా చేరవచ్చు కనుక, ఇకమీదట నీకంటే చిన్నవాళ్లు నీ పక్కన కూర్చుంటే ఆశ్చర్యపోకు.

ప్రవేశం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2024-25 నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన వేతనానికీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ అర్హులు, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. చివరి రెండు వర్గాల వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం చొప్పున లెక్కగట్టి ర్యాంకు ఇస్తారు. ఆ మార్కులు ప్రవేశానికి ఒక్క ఏడాది మాత్రమే చెల్లుతాయి. ఈ ఒక్క ఏడాది మాటను చూసుకోకుండా, ఇంట్లో పరిస్థితి బాగోలేదని ప్రవేశాన్ని మరుసటి సంవత్సరానికి వాయిదా వేసుకుని, మళ్లీ పరీక్ష రాయవలసి వచ్చినవాళ్లు ఉన్నారు. విశ్వవిద్యాలయమే సొంతంగా ప్రవేశ పరీక్ష పెడితే ప్రశ్నలలో సగం పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉంటాయి. మన పిల్లలు రెండో సగం కంఠస్థం చేసి, మొదటి సగాన్ని పరీక్ష ముందురోజు రాత్రి తిరగేస్తారు.

ఇంటర్వ్యూ బల్లకు అవతలివైపు చాలాసార్లు కూర్చున్నాను. అభ్యర్థికి ఎన్ని పుస్తకాల పేర్లు తెలుసునన్నది మేము పెద్దగా పట్టించుకోము. ఈ పని ఈ శాఖలో, ఉన్న ఆధారాలతో, ఈ మనిషి వల్ల అవుతుందా అని చూస్తాము. నిజాం కాలపు రెవెన్యూ రికార్డుల మీద పనిచేస్తానని రాశావు, బాగుంది. ఆ రికార్డులలో చాలా భాగం పారశీకంలోనూ ఉర్దూలోనూ ఉంటాయి. నీకు ఉర్దూ మాట వచ్చు గాని లిపి రాదు. మొదటి ప్రశ్న అదే వస్తుంది. "నేర్చుకుంటానండీ" అంటే ఎవరూ నమ్మరు. ఎక్కడ నేర్చుకుంటున్నావో, ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగితే నమ్ముతారు.

ఇక గైడ్. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఏకకాలంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీ స్కాలర్లను తీసుకోరాదు. గైడ్‌గా ఉండాలంటే పీహెచ్‌డీతో పాటు ప్రొఫెసర్‌కు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు కనీసం ఐదు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కనీసం మూడు ప్రచురణలు ప్రామాణిక పరిశోధన పత్రికలలో ఉండాలి. పదవీ విరమణకు మూడేళ్ల లోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవారికి మాత్రం విరమణ దాకా గైడ్‌గా, ఆ తరువాత డెబ్బై ఏళ్లు నిండేదాకా కో-గైడ్‌గా ఉండవచ్చు.

ఈ మూడేళ్ల నిబంధన చదివినప్పుడల్లా నాకు నా రోజులు గుర్తుకొస్తాయి. నేను చేరిన విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఇలాంటి పట్టింపు ఉండేది కాదు. మా గురువుగారు మహా పండితులు. నేను మూడో అధ్యాయంలో ఉండగా పదవీ విరమణ చేశారు. నన్ను అప్పగించిన కొత్త గైడ్‌కు నా అంశం మీద ఆసక్తి లేదు, ఆ సంగతి ఆయన దాచనూ లేదు. రాసినదంతా ఆయన అభిరుచికి తగినట్టు తిరగరాయడానికే ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు నిబంధన ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. నీకు ఆరేళ్లు పట్టవచ్చు, ఆయనకు నాలుగేళ్ల సర్వీసే మిగిలి ఉండవచ్చు. "మీరు ఏ సంవత్సరంలో రిటైర్ అవుతారండీ?" అని అడగడం అమర్యాద కాదు. అడగడానికి మొహమాటంగా ఉంటే శాఖ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ను అడుగు, తేదీతో సహా చెబుతారు.

గైడ్‌గా నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. నాది శాసనాల పని. బ్రిటిషు కాలపు భూమిశిస్తు మీద పనిచేస్తానంటూ ఒక కుర్రవాడు వచ్చాడు. తెలివైనవాడు, వదులుకోబుద్ధి కాక ఒప్పుకున్నాను. రెండేళ్లపాటు అతని అధ్యాయాలలో నేను దిద్దినవి వాక్యాలే గాని వాదన కాదు. కమిటీ ముందు ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ తరువాత అతన్ని ఆ విషయం తెలిసిన మరొకరికి అప్పగించాను గాని, పోయిన రెండేళ్లు నా ఖాతాలోనివే. అందుకే చెబుతున్నాను, నిన్ను ఇష్టపడే గైడ్ దొరకడం చాలదు, నీ అంశంలో నిన్ను తప్పుపట్టగల గైడ్ కావాలి. నీ విషయంలో దాని అర్థం, ఆ దస్తావేజులను తానే చదవగల మనిషి కావాలని. శాఖలో అటువంటివారు లేకపోతే, మరో శాఖ నుంచో మరో సంస్థ నుంచో కో-గైడ్‌ను పెట్టుకునే వీలు నిబంధనలలోనే ఉంది. ఆ మాట చేరేటప్పుడే తేల్చుకోవాలి.

ఎలా వాకబు చేయాలో చెబుతాను. ప్రతి విశ్వవిద్యాలయమూ తన గైడ్‌ల జాబితాను, ఒక్కొక్కరి కింద ఉన్న స్కాలర్ల పేర్లు, అంశాలు, చేరిన తేదీలతో సహా తన వెబ్‌సైట్‌లో ఉంచి ఏటా సరిచేయాలి. ఆ జాబితా తీసి, ఒకే గైడ్ కింద ఏడెనిమిదేళ్ల కిందట చేరినవాళ్లు ఇంకా ఎందరున్నారో లెక్కపెట్టు. పూర్తయిన థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో దొరుకుతాయి. ఆయన రాయించిన రెండు థీసిస్‌లు తెరిచి చదువు. ఆ తరువాత ఆయన స్కాలర్లను శాఖ ఆవరణలో కాకుండా బయట కలిసి, ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది, దిద్దుబాట్లు ఎలా ఉంటాయి, పత్రాలలో ఎవరి పేరు ముందు వస్తుంది, సొంత పనులకు తిప్పుతారా అని అడుగు. సూటిగా జవాబు రాకపోతే, ఆ తటపటాయింపే నీకు జవాబు.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ (తరగతి పాఠాలు) ఉంటుంది. పరిశోధన, ప్రచురణ నైతికత అన్న పాఠం అందులో తప్పనిసరి. 55 శాతం రాకపోతే ముందుకు సాగనివ్వరు. వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు బోధన పని ఇవ్వవచ్చు. చెయ్యి, పాఠం చెబితే గాని మనకు ఏది తెలియదో తెలియదు.

ఆరు నెలలకొకసారి పరిశోధన సలహా సంఘం ముందు నీ పని వివరించాలి. చాలా చోట్ల దీన్ని తేనీటి విందుగా ముగిస్తారు. నువ్వు అలా ముగియనివ్వకు. ప్రగతి సంతృప్తికరంగా లేదని ఆ సంఘం రాస్తే కారణాలూ చెప్పాలి, దిద్దుకునే మార్గమూ సూచించాలి. అయినా మారకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయమని సిఫారసు చేయగలదు. అంత అధికారమున్న సంఘం ముందు ఏమి చెప్పావో, వారేమన్నారో అదే సాయంత్రం రాసి, గైడ్‌కూ సభ్యులకూ ఈమెయిల్ పంపు. రేపు గైడ్‌తో మాట తేడా వస్తే నీ పక్షాన నిలిచేవి ఆ కాగితాలే.

గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యమున్నవారికి ఇంకో రెండేళ్లు ఇచ్చి మొత్తం పదేళ్ల దాకా అనుమతిస్తారు. ప్రసూతికి, శిశు సంరక్షణకు 240 రోజుల దాకా సెలవుంది. ఇవి ఆపదలో ఆదుకోవడానికే గాని ప్రణాళిక వేసుకోవడానికి కాదు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000. అదంతా కలిపి ఐదేళ్లే. ఆరో ఏట నుంచి ఇంటి మీద ఆధారపడాలి. నీకు సంబంధాలు చూస్తున్నామని మీ అమ్మ ఫోనులో చెప్పింది, కనుక ఇదీ తెలుసుకో: పెళ్లి వల్లనో మరో కారణం వల్లనో స్త్రీ వేరే ఊరికి మారవలసి వస్తే, పరిశోధన సామగ్రితో సహా అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలుంది. అయితే ఆ పని ఏదైనా సంస్థ నిధులతో నడిచే ప్రాజెక్టులోది కాకూడదు, పాత గైడ్‌కూ పాత సంస్థకూ దక్కవలసిన గుర్తింపు దక్కాలి.

థీసిస్ చివరి దశ ఇప్పుడే నీకు అక్కర్లేదు గాని, ఒక్కటి మొదటి రోజు నుంచే పాటించు. ఎక్కడ చదివినది రాసుకున్నా పేజీ సంఖ్యతో రాసుకో. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే తిప్పి పంపుతారు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. అలా చిక్కుకున్న పిల్లలలో నేను చూసినవారంతా దొంగలు కారు. నోటుబుక్కులో ఏది తమ మాటో, ఏది ఎత్తి రాసుకున్నదో మూడేళ్ల తరువాత గుర్తుపట్టలేకపోయినవాళ్లే ఎక్కువ. థీసిస్ సమర్పించాక గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు, వైవాతో (మౌఖిక పరీక్షతో) సహా అంతా ఆరు నెలల్లో ముగియాలి.

నువ్వు అనుకుంటున్న ముగ్గురు గైడ్‌ల పేర్లు, వారి రిటైర్మెంట్ సంవత్సరం, ఇప్పటికి వారి దగ్గరున్న స్కాలర్ల సంఖ్య ఒక కాగితం మీద రాసి, నీ రెండు పేజీల ప్రతిపాదనతో పాటు ఇంటర్వ్యూకు కనీసం పది రోజుల ముందు నాకు పంపు. ఉర్దూ లిపి పాఠాలు ఎక్కడిదాకా వచ్చాయో కూడా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ