డ్రమ్ బీట్ల ఫైళ్ల పిచ్చి చదువుకు దారి చూపుతుందా?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అబ్బాయి ప్లస్ టూ, మ్యాథ్స్ గ్రూపు. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ సంగీతం ఎక్కడున్నా వెతికి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దించుకుని, రాత్రి ఒంటిగంట దాకా సర్దుకుంటూ కూర్చుంటాడు. హార్డ్ డిస్క్ నిండిపోయింది, ఇంకోటి కావాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఇందులో భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, డిస్క్ కొనివ్వండి. కానీ అది కొత్త ఫైళ్లకు కాదు, ఉన్నవాటి బ్యాకప్‌కి. ఒంటిగంట జాగారం మాత్రం పరీక్షలయ్యేదాకా మాన్పించండి.

ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని, "ఈ ఫైలు అసలైనదని నీకెలా తెలుసు?" అని అడగండి. సైజు తగ్గించడానికి కొంత శబ్దాన్ని వదిలేసే ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి అంటగట్టేవాళ్లున్నారు. అలా మారిస్తే సైజు పెరుగుతుందే కానీ పోయిన శబ్దం తిరిగిరాదు. బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి పుట్టిన ఫైలును స్పెక్ట్రోగ్రామ్‌లో (శబ్దంలోని హెచ్చు, తగ్గు స్వరాలను చూపే బొమ్మలో) చూస్తే, మామూలుగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర పై స్వరాలు కత్తెర పెట్టినట్టు ఆగిపోతాయి. డ్రమ్స్‌లో చెవికే దొరికిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలు చేసి కుదిస్తుంది. ముక్క చివర్లో గట్టి దెబ్బ పడితే, కుదింపులో వచ్చిన లోపం ఆ ముక్కంతా పరుచుకుంటుంది. అందుకే దెబ్బకు ముందే సన్నగా బుసలాంటిది వినబడుతుంది. దాన్ని ప్రీ-ఎకో అంటారు. ఇదంతా మీవాడు తన మాటల్లో చెప్పగలిగితే అది కాలక్షేపం కాదు, సిగ్నల్ ప్రాసెసింగ్‌లో (శబ్దంలాంటి సంకేతాలను లెక్కలతో విశ్లేషించే చదువులో) మొదటి మెట్టు.

తర్వాత ట్యాగులు, అంటే ఫైలుతో పాటు రాసుకునే వివరాలు చూడండి. రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-808 వచ్చింది 1980లో, 909 వచ్చింది 1983లో. ఏ ట్రాక్‌లో ఏ మెషీన్ వాడారు, పాత ఎల్పీ రికార్డు నుంచి ఎక్కించిందా, మళ్లీ మెరుగుపరిచిన రీమాస్టరా అని విడివిడిగా రాసుకున్నాడా? స్టూడియోల్లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ లాస్ట్" అని పేర్లు పెట్టి తలలు పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. సర్దడం తెలిసిన కుర్రాడికి అక్కడ గిరాకీ ఉంటుంది.

అయితే ఒట్టి సేకరణకు ఎవరూ జీతమివ్వరు. పైగా ఆ ఫైళ్లు ఎక్కడివి? ఉచితంగా దొరికాయని దించుకున్నవైతే ఇంటర్వ్యూలో చూపించలేడు. బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో ఫ్లాక్ కొనుక్కోవచ్చు, సొంత సీడీల నుంచి తీసుకోవచ్చు. కలెక్షన్ చిన్నదైనా నష్టం లేదు.

చదువుకు వస్తే, వాడి మనసు వినడం మీదుంటే తరమణిలోని ప్రభుత్వ ఎంజీఆర్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ (సినిమా శబ్దగ్రహణం) డిగ్రీ ఉంది. అర్హతలు ఈ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. 2008లో రెహమాన్ మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ కూడా ఇక్కడే ఉంది, కానీ అది ప్రైవేటు, ఫీజు కనుక్కునే అడుగు వెయ్యండి. ఆ ఫైలు ఎలా పనిచేస్తుందన్నదే వాడి ఆసక్తి అయితే ఈసీఈ మేలు. మీరు చెప్పినదాన్నిబట్టి నా మొగ్గు అటే. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఎంట్రన్స్ లేదు, ప్లస్ టూ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులే లెక్క. మూణ్నెల్లలో సౌండ్ ఇంజనీర్‌ని చేస్తామని లక్షలడిగే కోర్సుల జోలికి మాత్రం వెళ్లకండి.

పరీక్షలయ్యాక వాడికో పని అప్పజెప్పండి. మీ బంధువుల ఇళ్లలో పెళ్లి మేళం క్యాసెట్లు ఉండే ఉంటాయి. ఒక పది తెచ్చి డిజిటల్‌లోకి ఎక్కించి, నాదస్వరం ఎవరు, డోలు ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది అని పట్టిక రాయమనండి. కాలేజీ వాళ్లకు చూపించుకోవడానికి చేతిలో సొంత పని ఉంటుంది.