బోరింగు నీళ్లూ బంగారు ఎలక్ట్రోడూ

అమ్మలూ,

బోరింగు నీళ్లలో ఆర్సెనిక్ కొలిచి నువ్వు పంపిన గ్రాఫులు చూశాను. బంగారు ఎలక్ట్రోడ్ మీదకి ఆర్సెనిక్‌ని పేర్చి, మళ్లీ కరిగించేటప్పుడు వచ్చే కరెంటు పీకుని కొలవడమే కదా మన పద్ధతి. పీకులు ముచ్చటగా ఉన్నాయి, అందుకే అనుమానం వచ్చింది. బెంగాల్లోని దక్షిణ 24 పరగణాల బోరింగు నీళ్లు, అందులోనూ ఉప్పు తగిలేవి, అంత బుద్ధిగా పీకు ఇవ్వవు.

ముందు సీసా సంగతి. బోరింగు కొట్టగానే నీళ్లు తేటగానే ఉంటాయి. కాసేపటికి అడుగున తుప్పురంగు మడ్డి దిగుతుంది. ఆ ఇనుము ఒంటరిగా దిగదు, ఆర్సెనిక్‌ని చంకనేసుకుని దిగుతుంది. పైన తేట తీసి కొలిచావో, ఆ ఊరికి లేని ఆరోగ్యం రాసిచ్చినట్టే. అక్కడికక్కడే వడగట్టి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, వెలుతురు సోకకుండా ఐస్ పెట్టెలో తీసుకురా. నేను కొత్తలో అలవాటు చొప్పున నైట్రిక్ యాసిడ్ పోశాను. ల్యాబుకొచ్చి చూస్తే పీకు సగమే! నీళ్లలో ఆర్సెనిక్‌కి ఆర్సెనైట్, ఆర్సెనేట్ అని రెండు రూపాలు కదా, ఆ ఆర్సెనైట్ దారిలోనే ఆర్సెనేట్ అయి కూర్చుంది. మనం డిపాజిషన్‌కి, అంటే ఆర్సెనిక్‌ని పేర్చడానికి, పెట్టే మైనస్ 0.3 వోల్టుల దగ్గర ఆర్సెనేట్ గోల్డు మీదకి రానే రాదు. రెండు రోజుల పడవ ప్రయాణం గంగలో కలిసింది. మొత్తం ఆర్సెనిక్ కావాలంటే ముందు సల్ఫైట్‌తోనో సిస్టీన్‌తోనో ఆర్సెనేట్‌ని ఆర్సెనైట్‌గా మార్చుకోవాలి.

ఉప్పు శాంపిళ్లు ఐసీపీ-ఎంఎస్‌కి (ఆర్గాన్ ప్లాస్మాలో వేసి అణువుల బరువుని బట్టి కొలిచే మెషీనుకి) పంపెయ్యమని నీకు చెబుతున్నారట. పంపు, తప్పులేదు. కానీ అక్కడ ఆర్గాన్ 40, క్లోరిన్ 35 జతకట్టి 75 అవుతాయి. ఆర్సెనిక్ కూడా 75 దగ్గరే కదా. అలాంటి జంటల్ని వడగట్టే కొలిజన్ సెల్ లేని పాత మెషీనైతే ఉప్పునే ఆర్సెనిక్ అనుకుని చూపిస్తుంది. మన పద్ధతికి ఆ తంటా లేదు, పైగా ఉప్పు కరెంటు బాగా పారనిస్తుంది.

అలాగని ఆ ఉప్పులోని క్లోరైడ్‌ని నమ్మకు. ఎలక్ట్రోడ్ శుభ్రం చేస్తూ పాజిటివ్ వైపు మరీ ఎక్కువ పోతే బంగారమే కరిగి నీళ్లలోకి పోతుంది. ఇంకో దొంగ కౌంటర్ ఎలక్ట్రోడ్ (కరెంటు చుట్టు పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడ్) దగ్గరుంటాడు. నువ్వు ఇటు ఆర్సెనిక్‌ని పేరుస్తుంటే అటు క్లోరిన్ పుట్టి, మిగిలిన ఆర్సెనైట్‌ని ఆర్సెనేట్‌గా మార్చేస్తుంది. ఎక్కువసేపు డిపాజిట్ చేసినా పీకు పెరగట్లేదన్నావే, నా అనుమానం దీనిమీదే. కౌంటర్‌ని ఫ్రిట్ (సన్న రంధ్రాల గాజు బిళ్ల) ఉన్న గొట్టంలో విడిగా పెట్టి చూడు.

మంచినీటితో గీసిన కాలిబ్రేషన్ కర్వ్‌ని ఈ నీళ్లకి వాడావేమోనని భయంగా ఉంది. వాడొద్దు. 10 మి.లీ. శాంపిల్ తీసుకుని, 1 పీపీఎం (లీటరుకి 1 మిల్లీగ్రాము) ఆర్సెనిక్ స్టాండర్డ్ 50 మైక్రోలీటర్లు వెయ్యి. అంటే 5 పీపీబీ (లీటరుకి 5 మైక్రోగ్రాములు) పెరిగినట్టు. అలా మూడుసార్లు వేసి, పీకు ఎంతెంత పెరుగుతోందో ఆ గీత వాలు చూడు. మంచినీటి వాలు కంటే తక్కువే వస్తుందని నా పందెం. ఆ తర్వాత రాగి కొంచెం చుక్కవేసి చూడు. రాగి పీకు పక్కనే తేలుతుంది, ఆర్సెనిక్‌తో కలిసిపోయి దాని ఆకారమే మార్చేస్తుంది. నీ ముచ్చటైన పీకులో రాగి వాటా ఎంతో అప్పుడు బయటపడుతుంది.

1983లో కలకత్తాలో డాక్టర్ సాహా ఈ ఆర్సెనిక్ నీళ్ల జబ్బుని చర్మం మీది మచ్చలు చూసి పట్టుకున్నారు. మచ్చ తేలేసరికి మనిషి ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగేసి ఉంటాడు. తాగేనీళ్లలో ఆర్సెనిక్ హద్దు 10 పీపీబీ. నీ గ్రాఫులో 9 వచ్చిన ఆ మూడో బోరింగు నిజంగా 9యేనా, 14 ఉందా అన్నది తేలేదాకా రిపోర్టు ఇవ్వకు. మళ్లీ శాంపిల్ తీసి, ఆ వాలు గ్రాఫు నాకు పంపు.

మీ అత్తయ్య ఆవకాయ జాడీ పంపుతోంది. ల్యాబు ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, ఆ స్టాండర్డు సీసాల పక్కన.

మామయ్య