ఆ ఇంటి చెప్పుల దగ్గర ఆగాల్సింది

తమ్ముడూ,

నీ రష్యా వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను.

కోపం ఎందుకంటే, పదకొండు చోట్ల "లాంటిది" అని రాశావు. బోర్ష్ మన చారు లాంటిది, బ్లినీ మన అట్టు లాంటిది, క్వాస్ మన తరవాణి లాంటిది. చారే తాగాలనుకుంటే మాస్కో దాకా ఎందుకు వెళ్ళడం? బీట్‌రూట్ ఉడికి ఎర్రబడిన ఆ రసంలో స్మెతానా, అంటే ఆ పుల్లటి మీగడ, చెంచాతో కలుపుతుంటే గులాబీ రంగుకి తిరగడం నువ్వు కళ్ళారా చూశావు కదా, అది రాయి. క్వాస్‌ను రై ధాన్యపు రొట్టె పులియబెట్టి చేస్తారని రాయి. పైగా బోర్ష్‌ని "రష్యా జాతీయ వంటకం" అనేశావు. ఉక్రెయిన్ వాళ్ళు ఊరుకోరు. వాళ్ళ బోర్ష్ సంప్రదాయాన్ని 2022లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. రష్యన్ ఇళ్ళలో తరతరాలుగా పొయ్యి మీద ఉడుకుతున్నది ష్చీ, క్యాబేజీ సూపు. దాని ఊసే లేదు నీ వ్యాసంలో.

ఇక నాలుగో పేజీ, నీకు ఆతిథ్యమిచ్చినావిడ ఇల్లు. "లోపలికి రాగానే ఆవిడ నా ముందు ఇంట్లో తొడుక్కునే చెప్పులు పెట్టింది, వాళ్ళాయనవట, ఆయన ఇప్పుడు లేరు" అని ఒక్క వాక్యం రాసి వోద్కా బ్రాండ్లలోకి వెళ్ళిపోయావు. ఎలా వెళ్ళబుద్ధయింది? ఆ చెప్పులు నీకు సరిపోయాయా? మడమ దగ్గర అరిగి ఉన్నాయా? రెండు పేజీల తర్వాత, ఒక గ్లాసు మాత్రం తగిలించకుండా తాగాం అన్నావు, ఎందుకో చెప్పలేదు. పోయినవాళ్ళని తలుచుకుని తాగేటప్పుడు అక్కడ గ్లాసులు తగిలించరు. ఆ చెప్పులూ ఆ గ్లాసూ ఒకటే కథ, నువ్వు రెండు ముక్కలు చేసి పడేశావు.

ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, వంటకాల పేర్లు ఎవరైనా రాస్తారు, పెట్టిన చెయ్యిని రాయండ్రా అని. ఇప్పుడు మరీ అన్యాయం, ప్లేటు ఫోటో తీసి "అద్భుతం" అంటే ట్రావెలాగ్ అయిపోతోంది.

నేను మాస్కో నుంచి సైబీరియాలోని ఇర్కుత్స్క్‌కి ట్రాన్స్ సైబీరియన్ రైల్లో వెళ్ళాను. వ్లదివస్తోక్ దాకా 9,288 కిలోమీటర్ల దారి అది. నాకు రష్యన్ ముక్క రాదు. ఎదురు బెర్తు పెద్దావిడ దోసకాయని నిలువునా చీల్చి, ఉప్పు చల్లి, రెండు చెక్కల్నీ నీరూరేదాకా ఒకదానికొకటి రుద్ది, పెద్ద చెక్క నాకిచ్చింది. బొరొదీన్‌స్కీ అనే నల్లటి రై రొట్టె కోస్తే పెట్టె అంతా ధనియాల వాసన. బోగీ చివర బాయిలర్ నుంచి టీకి వేడినీళ్ళు తేవడం నా వంతు. తిరిగొచ్చి ఒక వారపత్రికకి రాసి పంపితే సంపాదకుడుగారు దోసకాయ పేరా మొత్తం కొట్టేసి, "వోద్కా గురించి పెంచండి, పాఠకులకి అదే కావాలి" అన్నారు. డబ్బు అవసరం, పెంచి ఇచ్చాను. ఆ పేరా కాపీ నా దగ్గర మిగల్లేదు. ఆవిడ మొహం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ చెక్కలు రుద్దిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఏ పత్రికకి పంపాలి, ఫోటోలు ఎన్ని పెట్టాలి అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు ఆ చెప్పుల పేజీ మళ్ళీ రాసి పంపు. టీతో పాటు ఆవిడ గిన్నెలో పెట్టిన వరేన్యే ఏ పండుతో చేసిందో కూడా రాయి, "ఏదో జామ్" అని వదిలేశావు.