సైన్స్ బుక్కా, సాహస కథా? ముందు బేగంపేట దోమల కథ చెప్పి చూడండి

పదకొండేళ్ళ బాబుకి చరిత్ర సాహస కథలు కొనాలా, సైన్స్ పుస్తకాలు కొనాలా అని అడిగారు కదండీ, అసలు ఈ రెండిటినీ వేరే వేరే షెల్ఫుల్లో పెట్టినోళ్ళని అనాలి. మంచి సైన్స్ పుస్తకం అంటే సాహస కథే, కత్తి బదులు మైక్రోస్కోపు ఉంటది అంతే.

మా అక్క కూతురికి పుస్తకం అంటే ఆమడ దూరం. పోయిన వానాకాలం మా దగ్గర అందరికీ డెంగ్యూ భయం, ఒక రాత్రి కరెంటు పోయింది, ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోయింది కాబట్టి మామా ఏదన్నా కథ చెప్పు అంది. రోనాల్డ్ రాస్ కథ ఎత్తుకున్నా. 1897 ఆగస్టు, మన బేగంపేటలోనే, మలేరియా క్రిమి కోసం రెండేళ్ళుగా దోమల్ని కోస్తున్నా ఏమీ దొరకని మిలిటరీ డాక్టరు, ఉక్కపోతకి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టినా పంకా వేయించుకోడు, ఎందుకంటే గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా పేషెంటుని దోమలతో కుట్టించి కుట్టిన ఒక్కో దోమకి అతనికి ఒక అణా ఇచ్చేవాడు అనగానే అది లేచి కూర్చుని "అణా అంటే ఎంత మామా, మరీ అంత తక్కువా?" అని హుసేన్ ఖాన్ తరఫున నాతో బేరం మొదలుపెట్టింది! ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న దోమ పొట్టలో ఆ క్రిమి కనపడింది, 1902లో నోబెల్ వచ్చింది.

తెల్లారి చూస్తే కూలర్ నీళ్ళలోంచి దోమ పిల్లల్ని పచ్చడి సీసాలో పట్టి, పైన గుడ్డ కట్టి, మంచం కింద దాచింది. మలేరియా దోమ పిల్లలు నీటి పైన అడ్డంగా పడుకుంటాయి, మిగతావి తల కిందికి పెట్టి వేలాడతాయి అని నేనే చెప్పా, ఇవి వేలాడుతున్నాయి కాబట్టి మలేరియావి కాదని అమ్మకి సర్దిచెప్తోంది. అక్క సీసా బోర్లించి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

దానికి అప్పుడు పుస్తకం కావాలనిపించింది. బుక్ ఫెయిర్‌లో స్టాల్ స్టాల్ తిరిగితే అన్నీ నున్నటి కాగితం, పేజీకి పది బొమ్మలు, "కీటకమునకు ఆరు కాళ్ళుండును" టైపు తెలుగు, ఏ పిల్ల చదువుతుందండీ అది? చరిత్ర బుక్కులూ అంతే. గోల్కొండని ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా పగలగొట్టలేక 1687లో లోపలోడికి లంచమిచ్చి తలుపు తీయించుకున్నాడు, ఒళ్ళంతా గాయాలతో గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడే ఎదురు నిలిచాడు, ఇంత కథని రెండు లైన్లలో తేల్చేసి నెక్స్ట్ చాప్టర్‌కి పోతారు. కోట కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలాహిస్సార్‌లో ఎందుకు వినిపిస్తదో మాత్రం ఎవరూ రాయరు.

మీ బాబుకైతే సైన్స్‌ని కథల్లా రాసిన మహీధర నళినీమోహన్ గారి క్యాలెండర్ కథ, గ్రహణాల కథ వెతకండి. ఇంగ్లీష్ మీడియం అయితే మొదటి కొన్ని పేజీలు మీరే పైకి చదవండి, తర్వాత వాడే లాక్కుంటాడు. కొత్త కాపీ దొరక్కపోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడండి, కాకపోతే దొరకగానే ముఖం వెలిగించుకోకండి, రేటు అక్కడికక్కడే పెరుగుద్ది.