వాతావరణ మార్పు వార్తలు చదివితే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది జబ్బా?

జబ్బు కాదు. నిజంగా ఉన్న ప్రమాదాన్ని చూసి మనసు కంగారుపడుతోంది, అంతే. దీన్ని ఎకో యాంగ్జయిటీ అంటున్నారు. 2021లో 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లను 10,000 మందిని అడిగితే, 59 శాతం మంది చాలా ఎక్కువగా ఆందోళన పడుతున్నామన్నారు. ఆ దిగులు రోజువారీ పనుల మీద కూడా పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు.

ఇందులో ఉండేది భయం ఒక్కటే కాదు, బెంగ కూడా. చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువు గట్టు మీదే నిలబడి ఉంటారు, ఎదురుగా నెర్రెలిచ్చిన మట్టి. ఊరు వదలకుండానే ఊరి మీద బెంగ! ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్బ్రెక్ట్ ఈ బాధకు సోలస్టాల్జియా అని పేరు పెట్టాడు. చుట్టూ బొగ్గు గనులు తవ్వేస్తుంటే అక్కడే బతుకుతున్న జనాన్ని చూసి పుట్టిన మాట అది.

ఇక ఏసీ వేసిన ప్రతిసారీ తప్పు చేసినట్టు కుమిలిపోవడం. ఒక్క మనిషి మోయగలిగిన బరువు కాదది, నన్నడిగితే దించేయండి.

పడుకునే ముందు వరుసపెట్టి వార్తలు చూడటం మానేస్తే కొంత తేడా తెలుస్తుంది. అంతకన్నా పనికొచ్చేది, నలుగురితో కలిసి ఏదో ఒక పనిలో దిగడం. చెట్లు నాటడం కావచ్చు, అధికారులకు అర్జీ పెట్టడం కావచ్చు. వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే మాత్రం సైకాలజిస్టును కలవండి.