రోజూ పత్రిక చదివినా మనసులో ఏదీ నిలవడం లేదంటే

"రెండు పత్రికలు తెప్పిస్తున్నాను, ఉదయం గంటసేపు చదువుతాను, సాయంత్రం ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. పరీక్షల కోసం కాదు, మన ప్రాంతంలో ఏం జరుగుతోందో తెలియాలని" అని మీరు అడిగారు. మీ జ్ఞాపకశక్తిని అనుమానించకండి. వార్త ఏ రోజుకారోజు తెగి వస్తుంది. నిన్నటి ముక్కను ఇవాళ్టి ముక్కతో కలిపే పని మనమే చేసుకోవాలి. అందుకు అన్నీ చదవనక్కర్లేదు. మీ బతుకుతో ముడిపడిన ఒక్క విషయాన్ని పట్టుకుని, దాన్ని వదలకుండా చదవండి.

మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వానాకాలం మొదలైందంటే నేను ముందుగా చూసేది జలాశయాల నీటిమట్టాల పట్టిక. గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో మట్టం, ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే నీరు), ఔట్‌ఫ్లో (బయటికి వెళ్లే నీరు) రాసుకుంటాను. వరుసగా కొన్ని గడులు నిండేసరికి ఆ అంకెలే మాట్లాడతాయి.

దీనికి రెండు లెక్కలు తెలిస్తే చాలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ. అంటే "లక్ష క్యూసెక్కుల వరద" అన్న శీర్షికకు అర్థం రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీల పైచిలుకు. అది ఎన్నాళ్లు సాగుతుందన్నది అసలు ప్రశ్న. రెండోది, సాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. కానీ కనీస మట్టమైన 510 అడుగుల దగ్గరే సుమారు 131 టీఎంసీలు ఉంటాయి. ఆ నీళ్లను మామూలుగా సాగుకు వదలరు. కాబట్టి "సాగర్‌లో 150 టీఎంసీలు" అని పెద్ద అక్షరాలతో వేసినా, పొలానికి పనికొచ్చేది ఇరవై కూడా ఉండదు. ఈ తీసివేత చేయకుండా ఆ వార్త చదివి సంబరపడి, తొందరపడి నారు పోసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరో మెట్టు పైకి వెళ్తే, కృష్ణా నది మీద సాగర్‌కు ఎగువన ఉన్న జలాశయాలు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం అన్న వరుస తెలుస్తుంది. పైన గేట్లు ఎత్తిన వార్త కర్ణాటక కబురులా కనిపించినా అది మన సాగర్ కబురే. శ్రీశైలం గేట్లు ఎత్తకముందే అక్కడి విద్యుత్ కేంద్రాల నుంచి నీళ్లు కిందికి వస్తుంటాయి. శ్రీశైలం ఔట్‌ఫ్లో గడిలో అది ముందే తెలుస్తుంది.

పెద్ద వార్త మొదటి పేజీ నుంచి తప్పుకున్నాక కూడా వెతకండి. 2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అందరూ చదివారు. స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో అడ్డంగా దించే ఉక్కు పలకలు) దించి నీటిని ఆపగానే సందడి తగ్గింది. దాదాపు డెబ్బై ఏళ్ల నాటి మిగతా 32 గేట్ల సంగతి ఏమిటన్న అసలు ప్రశ్న అప్పుడే మొదలైంది. దాని జవాబులన్నీ తర్వాత లోపలి పేజీల్లో చిన్న చిన్న వార్తలుగానే వచ్చాయి.

మీకు నీటితో పని లేకపోతే ఊరి రోడ్డునో ఆసుపత్రినో తీసుకోండి. అక్కడ క్రియాపదం మీద కన్నేయాలి. ప్రతిపాదనలు పంపారు, పరిపాలనా అనుమతి ఇచ్చారు, టెండర్లు పిలిచారు, నిధులు విడుదల చేశారు: ఇవన్నీ వేర్వేరు దశలు. "మంజూరు" అని ఉంటే చేతికి డబ్బు వచ్చినట్టు కాదు. బడ్జెట్ వార్తలోనూ అంతే. ఈ ఏటి కేటాయింపు పక్కనే నిరుటి సవరించిన అంచనా చూస్తే, అప్పుడు ప్రకటించినదానిలో ఎంత నిలిచిందో తెలుస్తుంది.

రెండు పత్రికలూ ఉంచుకోండి, కానీ రెండింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవకండి. మీరు పట్టుకున్న విషయం ఒకదానిలో చదివి, అదే రెండోదానిలో ఎలా వచ్చిందో చూడండి. నాయకుల మాటలు తేడాగా ఉంటాయి, అది మామూలే. అంకెలు తేడాగా ఉంటే మాత్రం జలవనరుల శాఖ రోజువారీ లెక్కతో సరిచూసుకోండి. ఎడమ కాలువకు నీటి విడుదల తేదీ ప్రకటించిన రోజున మట్టం ఎంత ఉందో మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. వచ్చే ఏడాది అదే మట్టం వచ్చినప్పుడు నారు ఎప్పుడు పోయాలో ఇంట్లో వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.