వేల ఏళ్ల కిందట ఆరుబయట వండిన చోటని ఎలా తెలుస్తుంది?

కాలి పగిలిన రాళ్లను బట్టి. ఐర్లండ్‌లో వాగుల పక్కన, చిత్తడి నేలల్లో గుర్రపు లాడం ఆకారపు దిబ్బలు వేలల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం కంచు యుగానివి. గుంట తవ్వి, చెక్కలు పరిచి నీళ్లు నింపేవారు. మంటలో ఎర్రగా కాల్చిన రాళ్లు అందులో వేస్తే నీళ్లు మరిగేవి, కుండే అక్కర్లేదు! పగిలి పనికిరాని రాళ్లను బొగ్గుతో సహా చుట్టూ పారబోసేవారు. అదే పెరిగి దిబ్బయింది.

1950ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఓ'కెల్లీ ఇలాగే చేసి చూస్తే సుమారు 450 లీటర్ల నీళ్లు అరగంటలో మరిగాయి, గడ్డి చుట్టిన మాంసం చక్కగా ఉడికింది. ఈ దిబ్బల్లో ఎముకలు మాత్రం అరుదు. అందుకే ఇవి స్నానానికో, అద్దకానికో అన్న వాదనా ఉంది. కానీ ఆమ్ల నేలలో ఎముకలు కరిగిపోతాయి. నాకైతే వంటే ముఖ్యమనిపిస్తుంది.